గోడ మీద గోదావరి, మూలకు ఫోన్ నంబరు

మార్చి నెల, బుధవారం. మధ్యాహ్న భోజనాల తర్వాత, క్యాంపు ఆఫీసు. ఉన్నవాళ్లు: మేనేజర్ వర్గీస్ గారు, ఫోర్‌మన్ సలీం భాయ్, మెస్ నడిపే పోశెట్టి, పెయింటర్ గంగాధర్, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ ప్రతి మాటామంతీకీ ముందు తేదీ, తర్వాత ఉన్నవాళ్ల పేర్లు రాసుకునే అలవాటు నాది. సుల్తానాబాద్ దగ్గరి మా ఊరి నుంచి మిషన్ హాస్టల్‌కు పోయి టైపు నేర్చుకున్నాను. ఆ టైపే నన్ను గల్ఫ్‌కు తీసుకుపోయింది. మొదట టైపిస్టును, తర్వాత కూలీలు ఉండే క్యాంపు చూసుకునేవాణ్ణి, చివరికి కంపెనీ పీఆర్వోను. ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ఈ ఉద్యోగానికి పోతున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "కాకా, ఏం పనుంటది అండ్ల?" అని అడుగుతారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. దేశం పేరు, కంపెనీ పేరు రాయను. అక్కడ మనవాళ్లు ఇంకా పనిలో ఉన్నారు.

ఇది అసలు ఏం పని

కంపెనీకీ సర్కారు ఆఫీసులకూ మధ్య తిరిగేవాడు పీఆర్వో. వీసా కొట్టించడం, గుర్తింపు కార్డులు తేవడం, ఎవరైనా పట్టుబడితే వెంట పోయి నిలబడటం. ఫారాలు నింపడం ఎవరైనా నెలలో నేర్చుకుంటారు, దాని గురించి చెప్పను. అసలు పని ఏమిటంటే, భాష రాని మనిషికీ అధికారం ఉన్న మనిషికీ నడుమ నువ్వొక్కడివే ఉంటావు. ఇటు చెప్పిన మాట అటు పోవాలంటే నీ నోటి నుంచే పోవాలి. అటువంటప్పుడు ఏం చేస్తావన్నదే ఈ ఉద్యోగం.

ఇంకొకటి. మన పిల్లలు చాలామంది అక్కడికి పోయేటప్పుడు చేతిలో ఒక విద్య పెట్టుకుని పోతారు. ఒకడు డప్పు బాగా కొడతాడు, ఒకడు పాట కడతాడు, ఒకడు బొమ్మ వేస్తాడు. వీసా మీద మాత్రం హెల్పర్ అనో, మేస్త్రీ అనో ఉంటుంది. చట్టం సంగతి సూటిగా చెబుతాను. నీ రూంలో కూర్చుని నువ్వు ఏం చేసుకున్నా ఎవరూ అడగరు. దాన్ని అమ్మిన నిమిషం నుంచి నీకు రెండో పని ఉన్నట్టు. ఆ వీసా ఒక్క కంపెనీ పనికే. శుక్రవారం సెలవు కదా అంటే నడవదు. ఫోన్ స్టేటస్‌లో పెట్టి అమ్మినా అమ్మడమే.

గంగాధర్

గంగాధర్‌ది భైంసా. దుకాణాల బోర్డులు, ట్రాక్టర్ ట్రాలీల మీద పేర్లు, పెళ్లింటి గోడల మీద రాతలు రాసేవాడు. జిన్నింగ్ మిల్లు గోడ మీద పత్తి పువ్వు వేస్తే దూరం నుంచి అసలుదే అనుకునేవారట. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఏజెంటుకు అప్పు చేసి కట్టి, మా కంపెనీలో పెయింటర్‌గా వచ్చాడు. అంటే పొద్దంతా గోడలకు రోలర్‌తో తెల్లరంగు.

వచ్చిన కొత్తలో రూంలో మగ్గిపోతున్నట్టుండేవాడు. ఒకరోజు పక్క మంచం వాడి ఫోన్‌లో వాళ్ల బిడ్డ పుట్టినరోజు ఫొటో చూశాడు. తల్లి, పిల్ల, కేకు. తండ్రి మాత్రం మాతో క్యాంపులో. గంగాధర్ ఆ ఫొటో చూసి అట్ట మీద బొమ్మ వేశాడు. బొమ్మలో తండ్రి కూడా ఉన్నాడు, పిల్లను ఎత్తుకుని. అది చూసి ఆ మనిషి అన్నం తినలేదు. వారం తిరగకముందే క్యాంపులో సగం మంది ఫోన్లు పట్టుకుని గంగాధర్ మంచం ముందు నిలబడ్డారు. తమ్ముడి పెళ్లిలో తనను కలపమని ఒకడు, తండ్రి అంత్యక్రియలకు పోలేనివాడు పాడె మోస్తున్నట్టు వేయమని ఒకడు.

నేను పిలిచి చెప్పాను. "వేసియ్యి, మంచిదే. పైసలు తీసుకోకు."

"ఉత్తగిస్తె వాళ్లకు విలువుండది కాకా. రెండు దినాలకు చాయ్ గ్లాసు కింద పెడ్తరు."

"అట్ల పెడితె పెట్టనీ. నీ వీసా ఉంటది."

"బొమ్మ మీద చాయ్ మరక పడ్డంక వీసా ఉండి ఏం జేసుకోను?" అని నవ్వాడు. ఇంకోసారి కూడా చెప్పాను. అప్పుడూ నవ్వాడు.

పోశెట్టి గోడ

పోశెట్టిది మంథని. మా క్యాంపుకు కాస్త దూరంలో మెస్ నడిపేవాడు. లైసెన్సు అక్కడి మనిషి పేరు మీద, వంట, కష్టం ఇతనివి. జొన్నరొట్టె, పచ్చిపులుసు దొరుకుతాయని మనవాళ్లంతా అక్కడికే పోయేవారు. గంగాధర్ బొమ్మలు చూసి, "నా గోడ మీద గోదావరి రావాలె. మా మంథని రేవు, మెట్లు, పడవ" అన్నాడు. గంగాధర్ శుక్రవారాలు పోయి వేశాడు. పైసలు తీసుకున్నాడు. నేను పోయి చూశాను. నీళ్లు నిజంగా కదులుతున్నట్టే ఉన్నాయి.

చివరి శుక్రవారం గోడ కింద కుడి మూలన, బోర్డులు రాసేవాళ్లు ఎప్పుడూ రాసినట్టే రాశాడు. పేరు, పక్కన ఆర్ట్స్, కింద భైంసా, ఆ కింద ఫోన్ నంబరు. మన దిక్కు ఏ బోర్డు చూసినా ఉంటుంది. ఆ రాత లేకుండా పని ముగించినవాణ్ణి నేను చూడలేదు. అతని చెయ్యి దానంతటదే రాసి ఉంటుంది.

ఆ బుధవారం పొద్దున మెస్ శుభ్రత చూడటానికి ఇద్దరు అధికారులు వచ్చారు. వంటిల్లు చూశారు, గోడ చూశారు, మూల చూశారు. ఎవరు వేశారని అడిగితే పోశెట్టి భయపడి, తనకు తెలియదని, పాత కిరాయి వాళ్లు వేయించారని చెప్పాడు. వాళ్లు తమ డ్రైవరుతో ఆ నంబరుకు ఫోన్ చేయించారు. డ్రైవరుది పాకిస్తాన్, హిందీలో మాట్లాడాడు.

గంగాధర్ అప్పుడు సైటు మీద పరంజా ఎక్కి ఉన్నాడు. "హలో, గంగాధర్ ఆర్ట్స్!" అన్నాడు.

గోడ ఎంత పొడుగు అని అడిగాడు. దేవుడి బొమ్మా, ఊరి బొమ్మా అని అడిగాడు. రేటు చెప్పాడు. మిగతా రోజులు డ్యూటీ కాబట్టి శుక్రవారమే వస్తానని చెప్పాడు. ఏ కంపెనీ అంటే అదీ చెప్పాడు. మర్నాడు పొద్దున కార్డు పట్టుకుని, కంపెనీ పీఆర్వోను వెంటబెట్టుకుని కార్మిక ఆఫీసుకు రావాలని మాకు ఫోన్ వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం

వర్గీస్ గారిది కేరళ. ఆయన హిందీలో అన్న మాటలను మన మాటల్లో పెడుతున్నాను. పని తెలిసిన మనిషి, జీతాలు ఆపడు. కోపం వస్తే మాత్రం టేబుల్ మీది వస్తువులన్నీ వరుసగా సర్దుతాడు. ఆ రోజు పెన్నులన్నీ సర్దాడు.

"బయట పని చేసినవ్. సరే. కింద నంబరెందుకు రాసినవయ్యా? దొంగతనానికి పోయి అడ్రసు పెట్టి వచ్చినట్టున్నది!"

"దొంగతనం గాదు గద సాబ్, అందుకే రాసిన" అన్నాడు గంగాధర్.

సలీం భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. ఆయనది ఆదిలాబాద్. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. ఫోనెత్తి రేటు గూడ చెప్పినవట?"

"గిరాకీ అనుకున్న భాయ్."

"గిరాకీయే! నిన్ను ఇండియాకు పార్సిల్ చేసే గిరాకీ!"

పోశెట్టి మూలకు నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. "నా మెస్ మూతపడ్తది సాబ్. నేను తెల్వదని చెప్పి వచ్చిన. గీయన గూడ నాకు తెల్వదంటె ఇద్దరం బయటపడ్తం."

"ఫోన్ల అన్నీ చెప్పిన గదనే" అన్నాడు గంగాధర్. "ఇప్పుడు బొమ్మ నాది గాదని ఎట్లంట?"

వర్గీస్ గారు ఒక దారి చెప్పారు. పైసలు తీసుకోలేదు, స్నేహం కోసం వేశాడు, రెండు పూటలు తిన్నాడు, అంతే. అదైనా నిలబడుతుందేమో అని సలీం భాయ్ అంటుండగా ఆయనే మళ్లీ ఆగి, "మరి ఇంకెవరికి వేసినవని అడుగుతరు" అన్నారు.

 సలీం భాయ్ నేల చూస్తూ, "సాబ్, మీ ఇంట్ల మీ అమ్మగారి బొమ్మ..." అన్నాడు.

"దానికి నేను గిఫ్ట్ ఇచ్చిన. పైసలు గాదు, గిఫ్ట్."

"నేను గూడ గిఫ్టే సాబ్. మా బిడ్డను సైకిల్ మీద ఎక్కించుకున్న బొమ్మకు. నోట్ల గిఫ్టు."

అప్పుడు నాకు భయం వేసింది. అప్పటిదాకా ఇది ఒక్క మనిషి కథ అనుకున్నాను. గంగాధర్ నోరు తెరిచి నిజం చెబితే క్యాంపు మొత్తం, ఫోర్‌మన్, మేనేజర్ అందరూ అందులో ఇరుక్కుంటారు. మా కంపెనీ మనుషులు తెలిసి తెలిసి కొన్నారంటే కంపెనీకి కొత్త వీసాలు ఆగిపోతాయి.

వర్గీస్ గారు చెప్పవలసింది చెప్పేశారు. "నా పేరు గానీ, మన కంపెనీ మనిషి ఎవరి పేరు గానీ ఆ ఆఫీసుల వినబడితే గంగాధర్ వీసా అక్కడికక్కడే క్యాన్సిల్. వినబడకపోతే పూచీ రాసిచ్చి ఉంచుకుంటం. నాకు వేరే దారి లేదు."

క్యాన్సిల్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలి. ఇంటికి పంపడంతో అయిపోదు. మళ్లీ అడుగు పెట్టకుండా వేలిముద్రల మీద నిషేధం పడవచ్చు. అతనికి అప్పు తీరలేదు. భైంసాలో బ్రష్షుకు పని లేదు. గంగాధర్ ముఖంలో నవ్వు పోవడం ఆ రోజు మొదటిసారి చూశాను.

తర్వాత వర్గీస్ గారు అందరినీ పంపి నన్ను ఉండమన్నారు. "అతనికి అరబ్బీ రాదు. అక్కడ నువ్వు ఏం చెప్తే అదే అతని మాట."

"అతను చెప్పిందే చెప్త సాబ్. మార్చను."

"మార్చమంటలేను. తగ్గించమంటున్న."

 "చూస్త సాబ్" అని లేచి వచ్చాను.

తగ్గించడం గురించి

ఈ ఉద్యోగంలో అబద్ధం చెప్పమని నిన్ను ఎవరూ అడగరు. తగ్గించమని అడుగుతారు. కూలీ పది మాటలు చెబితే నాలుగు చెప్పు, ఏడ్చింది వదిలేసెయ్, మేనేజర్ పేరు వదిలేసెయ్. ఒక్కోసారి కూలీ మేలు కోసమే అడుగుతారు, అదే కష్టం. నా అభిప్రాయం ఇది. ఒకసారి తగ్గించిన పీఆర్వో తర్వాత ఎవరికి ఎంత తగ్గించాలో లెక్క చూసుకుంటూ బతుకుతాడు. అధికారికి ఒక్కసారి తెలిస్తే, తర్వాత నువ్వు నిజం చెప్పినా నీ వెనక నిలబడ్డవాడికి పనికిరాదు.

అమ్ముకోవడం గురించి కూడా ఇక్కడే చెబుతాను. కరీంనగర్ నర్సు ఒకామె మాతో చర్చికి వచ్చేది. దారంతో లేసులు చాలా బాగా అల్లేది. అమ్మాలనుకున్నప్పుడు ముందు తన ఆసుపత్రిని అడిగింది, వాళ్లు వద్దన్నారు. అల్లినవి ఊరికి పోయేవాళ్లతో పంపితే చెల్లెలు ఇక్కడ అమ్ముకుంది. అది నూటికి నూరుపాళ్లు సరైనదేనా అంటే నేను గట్టిగా చెప్పలేను. అయితే ఆమె అడిగింది, వద్దన్న చోట అమ్మలేదు. ఇప్పుడు కొన్ని దేశాల్లో వేరే పనికి వేరే పర్మిట్ ఇస్తున్నారట. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీరు పోయే చోట ఉందో లేదో ముందు కనుక్కోండి. కనుక్కోవడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువగా పట్టుబడటం చూశాను.

సాయంత్రం క్యాంపులో

పొద్దు గుంకకముందే మాట అన్ని రూములకూ పాకింది. నేను పోయేసరికి ఎవడి మంచం మీద వాడు బొమ్మ ఒళ్లో పెట్టుకుని బ్లేడుతో మూల గీకుతున్నాడు. ప్రతి బొమ్మ కిందా పేరు, నంబరు ఉన్నాయి. ఒక్కటి కూడా వదల్లేదు మహానుభావుడు.

"నా బిడ్డ చెంప పక్కకే నంబరేసినవ్ గదరా! గీకితె చెంప పోతది!" అని ఒకడు అరుస్తున్నాడు.

"గీకకు, నేను రంగు కలిపిస్త ఆగు" అంటున్నాడు గంగాధర్.

"నువ్వు రంగు ముట్టకు నాయినా, నీకు దండం పెడ్త!"

ఒక ముసలి మేస్త్రీ మాత్రం గీకలేదు. తండ్రి పాడె మోస్తున్నట్టు వేయించుకున్నది ఆయనే. బొమ్మను పరుపు కింద పెట్టి పైన కూర్చున్నాడు. "వచ్చి చూసుకొమ్మను" అన్నాడు.

గంగాధర్ నన్ను నీళ్ల ట్యాంకు పక్కకు తీసుకుపోయాడు.

"కాకా, రేపు అబద్ధం చెప్పాల్నా?"

"అది నేను చెప్పను. నువ్వు తెలుగుల ఏమంటె నేను అరబ్బీల అదే అంట. ఒక్క మాట ఎక్కువ గాదు, తక్కువ గాదు. ఆలోచన చేస్కొని మాట్లాడు."

"వీళ్ల పేర్లు చెప్తె వీళ్లు మునుగుతరు. నేనూ మునుగుత. చెప్పకుంటె అబద్ధమాయె." ట్యాంకుకు ఆనుకున్నాడు. "జర ధైర్యం చెప్పరాదె."

 పోయి పడుకోమన్నాను.

మర్నాడు పొద్దున

గురువారం పొద్దున కార్మిక ఆఫీసులో మేము మొదటి వరుసలోనే ఉన్నాం. గంగాధర్, పోశెట్టి, నేను. వర్గీస్ గారు రాలేదు. ఫోన్ దగ్గర ఉంటానన్నారు. అధికారి నడివయసు మనిషి. నేను వారానికొకసారైనా ఆయన ముందు నిలబడేవాణ్ణి. మాట్లాడింది ఎప్పుడూ అరబ్బీలోనే. నేను సలాం చేసి కార్డు ముందు పెట్టి, గంగాధర్ పక్కకు జరిగి నిలబడ్డాను, అనువాదానికి.

ఆయన కార్డు చూశాడు, గంగాధర్‌ను చూశాడు, నాకు చేయి చూపించి ఆగమన్నాడు. తర్వాత మంచి హిందీలో, "గోడ మీద నది నువ్వేసిందేనా?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయనకు హిందీ వస్తుందని నాకు తెలియదు. వర్గీస్ గారి ఏర్పాటు అక్కడితో పోయింది. నేను తగ్గించడానికీ ఏమీ లేదు, పెంచడానికీ లేదు. భైంసా మనిషికి హిందీ ఇంటి భాష లాంటిది. ఇక ఆ గదిలో వాళ్లిద్దరే.

"నేనే వేసిన సాబ్."

"పైసలు తీసుకున్నవా?"

"తీసుకున్న."

పోశెట్టి కళ్లు మూసుకున్నాడు. అధికారి రాసుకున్నాడు. "మీ కంపెనీకి తెలుసా?"

"కాకా రెండుసార్లు వద్దన్నడు సాబ్" అని గంగాధర్ నన్ను చూపించాడు. "నేనే వినలే."

అధికారి నన్ను ఒకసారి చూశాడు. అడగవలసింది ఇంకా మిగిలి ఉందని నాకు తెలుసు. 

"ఇంకెవరికి వేసినవ్? పేర్లు చెప్పు."

  నేను వర్గీస్ గారి ముఖం, సలీం భాయ్ ముఖం, బ్లేడు పట్టుకున్న వాళ్లందరి ముఖాలూ తలుచుకున్నాను.

"మస్తుమందికి వేసిన సాబ్. ఇంటికి దూరమున్నోళ్లకు. తీసుకున్న తప్పు నాది, ఆ లెక్క నా మీదనే వేయండ్రి. వాళ్ల పేర్లు మాత్రం నన్నడగకుండ్రి, నేను చెప్ప."

అబద్ధం లేదు. దాచిపెట్టడమూ లేదు. చెప్పనని చెప్పాడు. ఇంత సూటి దారి ఒకటుందని నాకు రాత్రంతా తట్టలేదు.

అధికారి పెన్ను కింద పెట్టాడు. చాలాసేపు కార్డు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత పోశెట్టి వైపు తిరిగి, వేరే కంపెనీ మనిషితో పని చేయించినందుకు, అబద్ధం చెప్పినందుకు జరిమానా రాశాడు. మెస్ మూయలేదు. నాతో అరబ్బీలో, "ఇతన్ని కంపెనీ ఉంచుకుంటుందా? పూచీ ఇస్తుందా? ఇప్పుడే చెప్పు" అన్నాడు.

బయటికి వచ్చి ఫోన్ చేశాను. వర్గీస్ గారు మొదట అడిగింది, "నా పేరు చెప్పిండా?"

"చెప్పలే సాబ్. ఎవరిదీ చెప్పలే. అడిగితే చెప్పనన్నడు."

అవతల పెన్నులు సర్దుతున్న చప్పుడు వినిపించింది. "ఉంచు" అన్నారు.

పూచీ రాసిచ్చాను. ఆ వీసా మీద ఉన్నన్నాళ్లూ మళ్లీ అమ్మనని గంగాధర్ సంతకం పెట్టాడు. ఇంకోసారి పట్టుబడితే మాటల్లేవు, విమానమే. గోడ మూలన ఉన్న పేరు, నంబరు ఆ పొద్దునే చెరపాలని, అధికారి తన మనిషిని మా వెంట పంపాడు.

మెస్‌లో టిఫిన్ల వేళ. రాత్రి డ్యూటీ దిగిన మనవాళ్లు తింటూ తలెత్తి చూసి మళ్లీ తలవంచుకున్నారు. పోశెట్టి తెల్లరంగు డబ్బా తెచ్చిచ్చాడు. ఆ వచ్చిన మనిషి త్వరగా కానిమ్మన్నాడు. గంగాధర్ తెల్లరంగు ముట్టలేదు. వంటింటి వెనక మిగిలి ఉన్న నీలం, ఆకుపచ్చ తెచ్చి ఒక మూతలో కలిపాడు. గోడ ముందు గొంతుక్కూర్చుని నంబరు మీద రెండు పూతలు వేశాడు. పేరు దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాడు. రేవు మెట్ల దగ్గర ఆగిపోయిన నీళ్లను మూల దాకా లాగి, చిన్న అల ఒకటి దిద్దాడు. పేరున్న చోట గోదావరి వచ్చింది.

పోశెట్టి వంగి చూశాడు. "ఈడ రాత ఉండెనని తెలుస్తనే లేదు."

"తెల్వొద్దనే గద" అన్నాడు గంగాధర్, బ్రష్షు కడుక్కుంటూ. చేతులు ప్యాంటుకు తుడుచుకుని నా దిక్కు తిరిగాడు. "పోదం పా కాకా. సైటుల అందరు పనెక్కి ఉంటరు."